ముట్లుడిగిన పిదప రక్తస్రావము: పరీక్షాఫలితము వచ్చువరకు

ముట్లు నిలిచి సంవత్సరములు గడచిన స్త్రీకి ఒకనాడు తిరిగి రక్తము కనిపించినచో ఆమెకు మొదట కలుగునది భయము, వెంటనే కలుగునది సిగ్గు. గుడ్డను ఎవరికంటను పడకుండ ఉతికి ఆరవేసికొని, నెలల తరబడి మౌనముగా నుండు తల్లులు మన గ్రామములలో నేటికిని కలరు. మరికొందరు ధైర్యము చేసి ఆసుపత్రికి పోయి పరీక్షలు చేయించుకొని వత్తురు. ఫలితము చేతికి వచ్చుటకు వారమో, రెండు వారములో పట్టును. ఈ నడిమి దినములే మిక్కిలి కష్టమైనవి. వ్యాధిని గూర్చి చెప్పువారు పెక్కుమంది యున్నారు గాని, ఈ ఎదురుచూపును గూర్చి చెప్పువారు అరుదు. అందుచేత ఈ పాఠమున ముఖ్యముగా దానినే తెలిసికొందము.

చివరి బహిష్టు నుండి పండ్రెండు నెలలు గడచిన తరువాత కనిపించు రక్తము, ఒక్క చుక్కయైనను, పలుచని గులాబి మరకయైనను, వైద్యునకు చూపవలసినదే. మన దేశపు స్త్రీలకు సాధారణముగా 46, 47 ఏండ్ల ప్రాంతమున ముట్లుడుగును. "అత్తకు వయస్సు వెనుకకు మరలినది" అని పరిహాసమాడుట కొన్ని యిండ్లలో వాడుక. ఆ పరిహాసము వలన ఎందరు ఆసుపత్రికి ఆలస్యముగా చేరుచున్నారో ఆలోచింపవలెను.

ఇట్టి రక్తస్రావమునకు కారణములు పెక్కు. వయస్సుతో శరీరమున ఈస్ట్రోజెన్ తగ్గి, యోనిమార్గపు పొరయు గర్భాశయపు లోపొరయు పలుచనై, పొడిబారి, స్వల్పముగా ఒరసికొన్నను రక్తము రావచ్చును. ఇది అందరికంటె సాధారణమైన కారణము. లోపొరపై పాలిప్ అను చిన్న కండ పెరుగుట, లోపొర దళసరియగుట, రక్తము గడ్డకట్టకుండ వాడు మాత్రలు, రొమ్ము క్యాన్సరుకు వాడు టామాక్సిఫెన్ మాత్ర కూడ కారణములు కావచ్చును. గర్భాశయపు లోపొర క్యాన్సరు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు సైతము ఈ జాబితాలోనివే. పరీక్షలు చేయుట ముఖ్యముగా ఈ రెండింటి కొరకే.

ఇచ్చట ఒక లెక్కను నిదానముగా అర్థము చేసికొనవలెను. పెక్కు పరిశోధనలను కలిపి చూచి 2018లో ప్రకటింపబడిన యొక సమీక్షను బట్టి, లోపొర క్యాన్సరు గల స్త్రీలలో నూటికి సుమారు 90 మందికి ముట్లుడిగిన పిదప రక్తస్రావము కలిగినది. కాని ఇట్టి రక్తస్రావము కలిగిన స్త్రీలలో ఆ క్యాన్సరు బయటపడినది నూటికి సుమారు తొమ్మిదిమందికి మాత్రమే. ఈ రెండు సంఖ్యలను కలగాపులగము చేసి భయపడుట సర్వసాధారణము. "మా పిన్నికిని ఇట్లే మొదలైనది, తుదకు క్యాన్సరు తేలినది" అని పొరుగింటివారు చెప్పినది నిజమే కావచ్చును. పెద్దవాన కురియుటకు ముందు మబ్బు పట్టును. అంతమాత్రమున మబ్బు పట్టినప్పుడెల్ల వాన కురియునా? అయినను, కళ్లములో ధాన్యమున్న రైతు మబ్బును చూచి ఊరకుండడు. పరీక్ష చేయించుకొనుట అట్టి జాగ్రత్తయే.

ఏ పరీక్ష యెందులకో తెలిసినచో సగము బెంగ తగ్గును. వైద్యురాలు మొదట యోనిని, గర్భాశయ ముఖద్వారమును కంటితో పరిశీలించును. అవసరమైనచో అచ్చటి కణములను తీసి పాప్ పరీక్షకు పంపును. తరువాత స్కానింగు. సన్నని పరికరమును లోపలినుండి ఉంచి లోపొర మందమును కొలుతురు. ఆ మందము 4 మిల్లీమీటర్లు గాని అంతకు తక్కువ గాని యున్నచో క్యాన్సరు ఉండుట మిక్కిలి అరుదు. అంతకెక్కువ యున్నదనగా వ్యాధి యున్నదని అర్థము కాదు, ముక్క పరీక్ష కావలెనని మాత్రమే అర్థము. స్కానింగు కాగితముపై "దళసరి" యను మాటను చూచి యింటికి వచ్చి ఏడ్చిన తల్లులకు ఈ సంగతిని ఎవరైన ముందే చెప్పియుండవలసినది. ముక్క పరీక్షకు సన్నని గొట్టముతో లోపొర నుండి కొద్ది భాగమును తీయుదురు. ముట్టునొప్పి వంటి నొప్పి కొంతసేపు ఉండవచ్చును. అవసరమైనచో హిస్టెరోస్కోప్ అను పరికరముతో లోపలి భాగమును సూటిగా చూతురు. తీసిన ముక్కను రసాయనములలో ఉంచి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూడవలసి యుండుటచే దినములు పట్టును. ఆలస్యమైనంత మాత్రమున చెడువార్తయని తలంపరాదు.

ఈ దినములలో దిగులు మనుష్యులను రెండు తప్పుదారులలో నడపుచున్నది. మొదటిది దాచుట. రెండవది తొందర: "సంచి తీయించివేసిన పీడ వదలును" అను మాట. ఇది మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసిన విషయము. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమంతటిలో నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. కారణము తేలకముందే శస్త్రచికిత్స చేయించుకొన్నచో, పలుచబడిన పొరకు పూతమందు చాలియుండెడి స్త్రీకి పెద్దగాయమును అప్పును మిగులును. ఒకవేళ క్యాన్సరే యున్నచో, దానికి తగిన రీతిలో చేయవలసిన శస్త్రచికిత్స తగని రీతిలో జరిగిపోవును. అనవసరముగా గర్భాశయములు తీయుటను అరికట్టు మార్గదర్శకములను అమలుపరచవలసినదని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. ముక్క పరీక్ష ఫలితము రానిదే గర్భాశయము తీయుదుమని యెవరైన అన్నచో, కారణమడిగి, మరియొక వైద్యుని సలహా కోరు హక్కు ప్రతి స్త్రీకిని కలదు.

ఇక మనస్సు సంగతి. తెలియని దానిని మనస్సు తానే కల్పించుకొనును. పగలు పనిలో మరచినది రాత్రి దీపమార్పిన వెంటనే తిరిగి వచ్చును. "ఆలోచింపకుము" అని చెప్పినందువలన ప్రయోజనము లేదు. ఆలోచనకు ఒక వేళ కేటాయించుట మేలు. సాయంకాలము దీపము పెట్టుటకు ముందు పావుగంట దానికి విడువవలెను. ఆ సమయమున మనస్సులోని ప్రశ్నలన్నియు కాగితముపై పెట్టవలెను. వ్రాత రానివారు మనుమరాలి చేతనో, ఆశా కార్యకర్త చేతనో వ్రాయించుకొనవచ్చును. తక్కిన వేళల దిగులు వచ్చినచో "సాయంకాలము చూతము" అని దానిని వాయిదా వేయవలెను. మొదట ఇది నవ్వు పుట్టించును; నాలుగైదు దినములలో అలవాటగును. ఆ కాగితమును తదుపరి ఆసుపత్రికి పోవునప్పుడు వెంట తీసికొనిపోవలెను. వైద్యుని యెదుట కూర్చున్నప్పుడు సగము ప్రశ్నలు మరచిపోవుట అందరికి నుండునదే.

నిద్ర పట్టనప్పుడు నాలుగు లెక్కించునంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కించునంతసేపు మెల్లగా విడుచుచు అయిదు నిమిషములు చేసినచో గుండెదడ తగ్గును. సాయంకాలము తరువాత కాఫీ, టీ మానవలెను. పూలు కట్టుట, బియ్యమేరుట వంటి చేతిపనులు మంచివే. ఫోనులో వచ్చు చిట్కాలను, రక్తము నాపు పసరులను నమ్మరాదు. రక్తము పలుచబడు మాత్రలు వాడువారు వైద్యుని యడుగకుండ మానరాదు. ఇష్టదైవమునకు మ్రొక్కుకొనుట మనస్సునకు ఊరటయైనచో అట్లే చేయవచ్చును; ఆసుపత్రి తేదీ మాత్రము తప్పరాదు.

ఒక్కరికైన చెప్పుట అన్నింటికంటె ముఖ్యము. భర్తకో, అక్కకో, కోడలికో. ఊరంతటికి చెప్పనవసరము లేదు. ఇంటి పురుషులకును ఒక మాట. "ఏమీ కాదులే" అని ఒక్కమాటతో ముగించుట ఓదార్పు కాదు. అది ఆమె నోరు మూయుటయే యగును. "ఏమి తోచుచున్నది?" అని అడిగి, జవాబు పూర్తియగువరకు వినుడు. పరీక్షనాడు వెంట వెళ్లుడు. పొలము పని ఒక పూట ఆగును.

అన్నము సహింపక, వరుసగా కొన్ని రాత్రులు నిద్రలేక, బ్రతుకుట వ్యర్థమను ఆలోచనలు కలిగినచో దానిని బలహీనతయని దాచక వైద్యునకు చెప్పవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగున మాటలాడు సలహాదారులు కలరు.

కొన్ని లక్షణములు కనిపించినచో ఎదురుచూపు తగదు. గంటకొక గుడ్డ తడియునంత రక్తము, కండ్లు తిరుగుట, స్పృహ తప్పుట, జ్వరము, దుర్వాసనగల స్రావము, తీవ్రమైన కడుపునొప్పి యున్నచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. అవసరమైనచో 108 వాహనమును పిలువవలెను.

ఫలితము వచ్చినప్పుడు "నమూనా చాలలేదు, తిరిగి తీయవలెను" అని వ్రాసియుండవచ్చును. వయస్సు మీరినవారి లోపొర పలుచగా నుండుటచే ఇది తరచు జరుగును. క్యాన్సరు అని తేలినను, రక్తస్రావమును చూచి వెంటనే వచ్చినవారిలో లోపొర క్యాన్సరు అధికముగా తొలిదశలోనే దొరకును. అప్పుడు శస్త్రచికిత్సతో నయమగువారు పెక్కుమంది. ప్రభుత్వరంగమున హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, విశాఖపట్నమున హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలవు. అర్హతగల కుటుంబములకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ క్రింద క్యాన్సరు చికిత్స లభించును. ఫలితము మంచిదని తేలిన పిదప రక్తము మరల కనిపించినచో తిరిగి చూపించుకొనవలెను.

ముక్క తీసిన దినముననే, ఫలితము ఏ తేదీన ఎవరివద్ద లభించునో అడిగి వ్రాయించుకొనవలెను. ఆ తేదీ గడచినను కబురు రానిచో, కబురు లేదు గనుక అంతయు క్షేమమేయని ఇంట కూర్చుండక, చీటిని తీసికొని మరునాడే పోయి అడుగవలెను.