రాజీనామా రాయమంటే రాయకండి

ఉద్యోగం తీసేసేటప్పుడు చాలా కంపెనీలు ఉత్తర్వు చేతికివ్వవు. హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి తెల్లకాగితం ముందు పెడతాయి. "నీ అంతట నువ్వే మానేస్తున్నట్టు రాసివ్వు. సెటిల్‌మెంట్ వెంటనే చేసేస్తాం. రిలీవింగ్ లెటర్‌లో మచ్చ ఉండదు, ఎక్కడికెళ్లినా పనికొస్తుంది" అంటారు. ఇంటద్దె, పిల్లల ఫీజు, బండి వాయిదా ఒక్కసారిగా గుర్తొచ్చి మనిషి సంతకం పెట్టేస్తాడు. ఆ సంతకంతో ఎంత పోతోందో ముందే తెలిస్తే చాలామంది పెట్టరని నా నమ్మకం. అందుకే ఈసారి లెక్క కట్టి చూపిస్తున్నాను.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మెషిన్ ఆపరేటర్ ఉన్నాడనుకుందాం. ఆరేళ్ల సర్వీసు. బేసిక్, డీఏ కలిపి నెలకు 18,000 రూపాయలు. ఆర్డర్లు తగ్గాయి కాబట్టి అతన్ని తీసేయాలని యాజమాన్యం అనుకుంది. తప్పు చేసినందుకు కాకుండా ఇలా పని లేదనో, మనుషులు ఎక్కువయ్యారనో తీసేయడాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. దీనికి ఇప్పుడు వర్తించేది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్. దాని ప్రకారం కనీసం ఏడాది నిరంతరాయంగా పనిచేసిన కార్మికుడికి కారణం చూపుతూ నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. అంటే 18,000. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. ఆరేళ్లకు 54,000. ఈ రెండూ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉన్న హక్కులే. కొత్త కోడ్ మరొకటి చేర్చింది. కార్మికుడు కొత్త పని నేర్చుకోవడానికి వీలుగా, చివరిగా తీసుకున్న జీతం లెక్కన 15 రోజుల వేతనాన్ని యాజమాన్యం నైపుణ్య నిధికి కట్టాలి. తొలగించిన 45 రోజుల్లోగా ఆ సొమ్ము కార్మికుడి ఖాతాలో పడాలి. అది 9,000.

మొత్తం 81,000 రూపాయలు. రాజీనామా రాసిచ్చినవాడికి ఇందులో ఒక్క రూపాయి అడిగే హక్కు మిగలదు. తన ఇష్టంతో మానేసినవాణ్ని చట్టం రిట్రెంచ్ అయినవాడిగా చూడదు.

గ్రాట్యుటీ సంగతి వేరు. ఐదేళ్ల సర్వీసు నిండింది కాబట్టి రాజీనామా చేసినా అతనికి 62,308 రూపాయలు రావాల్సిందే. బేరం జరిగేటప్పుడు ఎక్కువగా ఈ డబ్బునే చూపించి "ఇంత ఇస్తున్నాం కదా" అంటారు. అది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు, ఎలాగూ ఇవ్వాల్సిందే. తొలగించినా, రాజీనామా చేసినా బకాయి జీతాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. "సంతకం పెడితేనే సెటిల్‌మెంట్" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

డబ్బు కన్నా విలువైనది ఇంకొకటి పోతుంది. తిరిగి అదే పనిలో చేరే హక్కు. రిట్రెంచ్ చేసిన ఏడాదిలోపు యాజమాన్యం కొత్తవాళ్లను తీసుకోదలిస్తే ముందు పాతవాళ్లకు అవకాశం ఇవ్వాలి, వస్తామన్న పాతవాళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలి. నన్నడిగితే, పని పోయిన మనిషిని తిరిగి పనికి చేర్చే విషయంలో మన చట్టాల్లో ఇంతకన్నా సూటి నిబంధన లేదు. కానీ దీన్ని వాడుకునేవాళ్లు అరుదు. అందుకే ఉద్యోగం పోయిన వారంలోనే యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. "ఖాళీ వస్తే తిరిగి చేరడానికి సిద్ధంగా ఉన్నాను, ఇదీ నా చిరునామా, ఇదీ నా ఫోన్ నంబరు" అన్న రెండు వాక్యాలు చాలు. నకలు, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. మూడు నెలల తర్వాత అదే మెషిన్ మీద కొత్త కుర్రాడు కనిపిస్తే మీ చేతిలో ఆధారం ఉంటుంది.

ఇక ఈఎస్‌ఐ. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు జీతంలో 0.75 శాతం కోత పడుతుంది, యాజమాన్యం 3.25 శాతం కడుతుంది. ఈఎస్‌ఐ అంటే ఆస్పత్రి ఒక్కటే అనుకుంటారు చాలామంది. పని పోయినవాళ్లకు నగదు భృతి కూడా అందులో ఉంది. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018 జూలై 1న మొదలైంది. మొదట సగటు రోజువారీ వేతనంలో పావు వంతు ఇచ్చేవారు, కరోనా కాలంలో దాన్ని సగానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. మన ఆపరేటర్‌కు సుమారు 26,600 వస్తుంది. పని పోయిన 30 రోజుల తర్వాత అడగవచ్చు, ఏడాది దాటనివ్వకూడదు. యాజమాన్యం సంతకం కోసం తిరగక్కర్లేదు, దరఖాస్తు నేరుగా ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకే ఇవ్వొచ్చు. పని పోయేనాటికి రెండేళ్లు బీమాలో ఉండాలి. చివరి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు, అంతకుముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. దుష్ప్రవర్తనకు శిక్షగా తొలగించినవాళ్లకు, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్లకు రాదు. ఇక్కడ కూడా ఆ రాజీనామా కాగితమే అడ్డంకి కావచ్చు.

ఈ పథకాన్ని గడువు మీద గడువు పొడిగిస్తూ 2026 జూన్ 30 దాకా తెచ్చారు. జీవితంలో ఒక్కసారే వాడుకోవాలన్న షరతు కూడా ఉంది. పని పోవడం జీవితంలో ఒక్కసారే జరుగుతుందా? నెలనెలా చందా కట్టించుకునే సంస్థ దీన్ని శాశ్వత హక్కుగా మార్చాలి.

ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. ఇది 2005 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. రెండేళ్ల చందా ఉంటే మొదటి ఏడాది వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తారు. భృతి అందే కాలమంతా కుటుంబానికి వైద్యం ఆగదు. కొత్త పని నేర్చుకుంటానంటే శిక్షణ ఖర్చు కూడా ఈఎస్‌ఐదే. బ్రాంచి ఆఫీసులో మొదటి పథకం గురించే చెప్పి పంపేస్తే ఊరుకోకండి, దీన్ని పేరు పెట్టి అడగండి.

ఒక చిన్న గడి మీద కన్నేసి ఉంచండి. యాజమాన్యం నెలనెలా ఈఎస్‌ఐ లెక్క ఆన్‌లైన్‌లో పంపేటప్పుడు, జీతం సున్నా అయినవాళ్ల పేరు పక్కన కారణం ఎంచుకోవాలి. అందులో "లెఫ్ట్ సర్వీస్" ఒకటి, "రిట్రెంచ్‌మెంట్" వేరొకటి. మీ పేరు పక్కన ఏం పెట్టారో బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. తప్పుగా ఉంటే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? ఆలస్యం చేయకండి. రాజీనామాను ఆమోదించక ముందే వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపండి. ఎవరు పిలిచారు, ఏమన్నారు, ఏ తేదీన అన్నారు అన్నీ అందులో రాయండి. వాట్సాప్‌లో వచ్చిన సందేశాలు చెరపకండి. ఒత్తిడి పెట్టి రాయించుకున్నారని రుజువైతే అది రాజీనామా కాదు, తొలగింపే.

"మేం ఐటీవాళ్లం, కార్మిక చట్టం మాకు వర్తించదు" అనుకునేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది. చట్టం చూసేది హోదా పేరు కాదు, రోజూ చేసే పని. టీమ్ లీడ్ అని కార్డు ఇచ్చినా చేసేది కోడింగో టెస్టింగో అయితే, జీతం ఎంతైనా కార్మికుడే అని వాదించవచ్చు. మేనేజర్ బాధ్యతలు ఉన్నవాళ్లకు, 18,000 దాటిన సూపర్‌వైజర్లకు మాత్రం ఈ రక్షణ లేదు.

ఫిర్యాదు మొదట కార్మిక శాఖలో సహాయ కార్మిక కమిషనర్‌కు ఇవ్వాలి. రాజీ కుదరకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. పాత చట్టం మూడేళ్లు గడువిస్తే, కొత్త కోడ్ తొలగించిన తేదీ నుంచి రెండేళ్లే ఇచ్చింది. లాయరు ఖర్చుకు భయపడి వదులుకోకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, ఈఎస్‌ఐ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు ఈ రోజే ఒక కవరులో పెట్టి ఇంట్లో ఉంచుకోండి. ఉద్యోగం ఉన్నప్పుడే.