జనవరి ఢిల్లీకి సంచి సర్దుకోవడం: మొదటిసారి స్నేహితుల దగ్గరికి వెళ్లే పిల్లలకు

కోస్తాలోనో తెలంగాణలోనో పెరిగిన పిల్లల్లో చాలామందికి జనవరి ఢిల్లీ చలి అంతవరకు ఎరగని చలి. సంక్రాంతి రోజుల్లో విజయవాడలో తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత మామూలుగా 17, 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఢిల్లీలో ఆ నెల కనిష్ఠం సగటున 7, 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొన్ని రాత్రులు 4 డిగ్రీలకో, ఇంకా కిందికో దిగుతుంది. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 4 డిగ్రీలకు చేరితే వాతావరణ శాఖ శీతల గాలుల హెచ్చరిక ఇస్తుంది. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం 20 డిగ్రీల దాకా వెళ్లి హాయిగా ఉంటుంది. పొగమంచు విడవని రోజు మధ్యాహ్నం రెండింటికి కూడా 15 దాటకపోవచ్చు. అంటే మూడు రోజుల ప్రయాణంలోనే రెండు మూడు రకాల వాతావరణం ఎదురవుతుంది. ఒకే ఒక్క లావుపాటి జర్కిన్‌ను నమ్ముకుని వెళ్లిన వాళ్లకు అందుకే ఇబ్బంది. అది వేసుకుంటే మెట్రోలో చెమట పడుతుంది, విప్పితే కింద ఉన్న నూలు చొక్కా చలికి ఆగదు.

మొదటిసారి వెళ్లే వాళ్లకు తట్టని సంగతి ఇంకొకటి ఉంది. ఢిల్లీలో చలి వీధిలోనే ఆగిపోదు, ఇంట్లోకీ వస్తుంది. చలి దేశాల్లో మాదిరి ఇల్లంతా వెచ్చబెట్టే ఏర్పాటు అక్కడ మామూలు ఇళ్లలో ఉండదు. సివిల్స్‌కు చదువుకునే పిల్లలు అద్దెకుండే ఓల్డ్ రాజేందర్ నగర్, ముఖర్జీ నగర్ గదుల్లో చాలావాటికి ఎండ మొహమే తెలియదు. గోడలు, గచ్చు రాత్రంతా చల్లబడి పగలు కూడా అలాగే ఉంటాయి. బయట ఎండలో కూర్చున్న దానికంటే గదిలో కూర్చుంటేనే ఎక్కువ వణుకుతారు. కాబట్టి బట్టలు ఎంచుకునేటప్పుడు బయట తిరగడానికి ఏం వేసుకోవాలన్నదానితో పాటు, రాత్రి ఎనిమిదింటికి స్నేహితుడి మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేటప్పుడు ఒంటి మీద ఏముండాలన్నదీ ఆలోచించాలి.

చలిని ఆపేది బట్ట మందం కాదు, బట్టల మధ్య నిలిచిన గాలి. నిలిచిన గాలి ఒంటి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. ఉన్ని పోగులు వంకర్లు తిరిగి ఉంటాయి కనుక వాటి సందుల్లో గాలి బాగా నిలుస్తుంది. అందుకే ఒక మందపాటి కోటు కంటే మూడు పలచటి పొరలు మేలు. ఒంటికి అంటిపెట్టుకుని థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెటర్, పైన గాలి చొరబడని జర్కిన్. నూలు బనియన్ చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. మెట్రో మెట్లెక్కి వచ్చి నిలబడగానే ఆ తడే చలి పుట్టిస్తుంది. కాబట్టి చర్మానికి తగిలే పొర నూలుది కాకుండా చూసుకోవాలి. స్వెటర్ తల మీదుగా తొడుక్కునేది కాకుండా ముందు జిప్పున్నది అయితే కిక్కిరిసిన రైలు పెట్టెలో కూడా తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు. కొలతలో ఒక జాగ్రత్త ఉంది. జర్కిన్‌ను చొక్కా మీద వేసి చూసి కొంటే స్వెటర్ మీద బిగుసుకుపోతుంది. పొరలు బిగిస్తే వాటి మధ్య గాలికి చోటుండదు, వేసుకున్న ఫలితమూ ఉండదు. దుకాణంలో స్వెటర్ వేసుకునే జర్కిన్ కొలత చూడాలి.

స్వెటర్, జర్కిన్ చేతుల సంగతి ఎవరూ చెప్పరు. తెలుగు పిల్లలు ఢిల్లీ వెళితే ఏదో ఒక పూట అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో కూర్చోక మానరు. పప్పు, సాంబారు, పెరుగు వరసగా వడ్డిస్తుంటే చేత్తో కలుపుకుని తినాలి. ముంజేతి దగ్గర ఎలాస్టిక్ బిగించిన దూది జర్కిన్ చేతులు పైకి జరగవు. జరిపినా మళ్లీ జారి సాంబారులో మునుగుతాయి. స్వెటర్, థర్మల్స్ చేతులు మోచేతి దాకా తేలికగా జరిగేవిగా ఉంటే, జర్కిన్ విప్పి కుర్చీకి తగిలించి స్థిమితంగా భోంచేయవచ్చు. కొనేముందు చెయ్యి పైకి లాగి చూసుకోవడానికి అర నిమిషం చాలు.

చలి ముందుగా తెలిసేది చెవులకు, పాదాలకు. ఆటోలో వెళ్లేటప్పుడు పక్కల నుంచి కొట్టే గాలి చెవుల్లోకి దూరుతుంది. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి కుర్రవాళ్లు మొహమాటపడతారు. అది లేకపోయినా చెవులు కప్పే ఉన్ని టోపీ, మెడకు మఫ్లర్ ఉండి తీరాలి. మఫ్లర్ పొడుగ్గా ఉంటే రాత్రి తలకు కూడా చుట్టుకోవచ్చు. కాళ్లకు ఉన్ని సాక్సులు ఒక జతే వేసుకోవాలి. రెండు జతలు తొడిగి ఇరుకు బూట్లలోకి తోస్తే రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. చెప్పులతో ఢిల్లీ జనవరి గడవదు. బూట్లు కొత్తవి కాకుండా, ఇంట్లో కొన్నాళ్లు తొడిగి కాలికి అలవాటైనవి కావాలి. తేలికగా విప్పి తొడుక్కునేలా ఉండాలి. గది గుమ్మంలో, జామా మసీదులో, గురుద్వారాలో రోజుకు ఎన్నిసార్లో విప్పాల్సి వస్తుంది.

బంగ్లా సాహిబ్ గురుద్వారాకు వెళ్లే రోజు ప్రత్యేకంగా సిద్ధపడాలి. అక్కడ తల కప్పుకోవాలి. మగపిల్లలకు పెద్ద రుమాలు, ఆడపిల్లలకు చున్నీ సరిపోతుంది. లేనివాళ్లకు గుమ్మం దగ్గర రుమాళ్లు దొరుకుతాయి. బూట్లు, సాక్సులు వదిలి, నీళ్లలో పాదాలు తడిపి లోపలికి వెళ్లాలి. ఆ తడి కాళ్లతో పాలరాతి గచ్చు మీద నడుస్తుంటే చలి పిక్కల దాకా పాకుతుంది. సాక్సులను జేబులో కుక్కుకోకుండా చిన్న కవర్లో పెట్టుకుని, తిరిగి వచ్చాక పాదాలు తుడుచుకోవడానికి ఒక చేతి తువ్వాలు దగ్గర ఉంచుకుంటే ఆ రోజు మిగిలిన తిరుగుడంతా సుఖంగా సాగుతుంది. తడి పాదాలకే సాక్సులు తొడిగితే సాయంత్రం దాకా పాదాలు చల్లగానే ఉండిపోతాయి.

ఆడపిల్లలకు సల్వార్ కమీజ్ ఈ ఊరి చలికి బాగా కుదిరే దుస్తులు. కింద థర్మల్ లెగ్గింగ్స్, కమీజ్ కింద థర్మల్ టాప్, పైన కార్డిగన్, దాని మీద శాలువా. స్నేహితురాలి ఇంట్లో పేరంటమో నిశ్చితార్థమో ఉండి చీర కట్టాల్సి వస్తే పొడుగు చేతుల ఉన్ని జాకెట్టు, లంగా కింద థర్మల్స్ వేసుకుంటే సరిపోతుంది. పట్టుచీర నేత గట్టిది కనుక నూలు చీర కంటే కాస్త వెచ్చన. నడుము, వీపు కప్పేలా శాలువా పెద్దది కావాలి.

మూడు రాత్రులకు ఏవి ఎన్ని అన్నది కచ్చితంగా తేల్చుకోవాలి. థర్మల్స్ రెండు జతలు, స్వెటర్లు రెండు, జర్కిన్ ఒకటి, ప్యాంట్లు రెండు, చొక్కాలో కమీజులో మూడు, సాక్సులు నాలుగు జతలు. లోదుస్తులు మాత్రం రోజుకొకటి లెక్కన పెట్టుకుని పైన ఇంకొక జత చేర్చాలి. మన ఊళ్లో రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దుటికి ఆరిపోతాయనే అలవాటుతో తక్కువ పెట్టుకుంటారు. ఢిల్లీ పొగమంచులో బట్ట రెండు రోజులైనా చెమ్మ వదలదు, పైగా వాసన పడుతుంది. స్నేహితుడి గదిలో ఉన్న ఒక్క తాడు మీద అతిథి తడి బట్టలు వేలాడితే అతను తన బట్టలు ఎక్కడ ఆరేసుకుంటాడు? జీన్స్ ఒకటి చాలు; బరువు, ఆరదు, చలికి పెద్దగా అక్కరకు రాదు. ఉన్ని బట్టలన్నీ కొత్తగా కొనాల్సిన పనీ లేదు. శీతకాలం రాగానే మన పట్టణాల్లో టిబెట్ వాళ్లు పెట్టే దుకాణాల్లో స్వెటర్లు అందుబాటు ధరకే దొరుకుతాయి. అంతకుముందు వెళ్లి వచ్చిన అన్నయ్యనో అక్కనో అడిగి తెచ్చుకున్నా తప్పు లేదు. ఢిల్లీ చేరాక కొందామంటే మొదటి రాత్రి చలి మీద పడుతుంది. థర్మల్స్, ఒక స్వెటర్ ఇక్కడే సంపాదించుకుని, పై జర్కిన్ కావాలంటే అక్కడ కాశ్మీరీ గేట్ దగ్గర మోనాస్టరీ మార్కెట్‌లో స్నేహితుడిని వెంటబెట్టుకుని కొనుక్కోవచ్చు.

సబ్బు, బ్రష్షు గురించి చెప్పనక్కర్లేదు. కొబ్బరినూనె గురించి చెప్పాలి. ఆ నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి సన్నమూతి సీసాలోంచి ఢిల్లీలో చుక్క కూడా రాదు. వెడల్పు మూతి డబ్బాలో కొంచెం పోసుకుంటే వేలితో తీసుకోవచ్చు. పొడిగాలికి పెదవులు, మడమలు పగులుతాయి కనుక వాజలీన్ చిన్న డబ్బా పెట్టుకోవాలి. తలస్నానం బయల్దేరే ముందు ఇంట్లోనే చేసి వెళ్లడం నయం, ముఖ్యంగా పొడుగు జుట్టున్న వాళ్లు. చలికాలంలో అక్కడి గాలి చెడ్డది. పొగ, దుమ్ము పొగమంచుతో కలిసి నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. ఎన్-95 మాస్కులు రెండు సంచిలో వేసుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్‌ను పెద్ద సంచిలో కాకుండా జేబులోనే ఉంచుకోవాలి.

సంక్రాంతి వెళ్లీ వెళ్లగానే ప్రయాణమైతే ఇంట్లో పెద్దలు పిండివంటలు కట్టక మానరు. అరిసెలు, సున్నుండలు, ఆవకాయ, గోంగూర పచ్చడి. ఏడాదిగా మెస్సు చపాతీ తిన్న స్నేహితుడికి ఇంతకంటే ఇష్టమైన కానుక ఉండదు. కానీ ఆవకాయ నూనె కారిందంటే సంచిలోని బట్టలన్నీ పాడైపోతాయి. గాజు సీసా వద్దు. మరమూత గట్టిగా పట్టే డబ్బాను మూడు వంతులకే నింపి, మూతి మీద పాలిథిన్ ముక్క పరిచి మూత బిగించి, దాన్ని రెండు కవర్లలో విడివిడిగా ముడేసి, చుట్టూ పాత వార్తాపత్రిక చుట్టి, నిలువుగా పెట్టాలి. అన్నిటికంటే మంచిది తిండి సామానుకు వేరే సంచి. అది స్నేహితుడి ఇంట్లో ఖాళీ అవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మడిచి లోపల పెట్టుకోవచ్చు. విమానంలో వెళితే పచ్చడి చేతిసంచిలో కాకుండా కౌంటర్‌లో అప్పగించే సామానులో వేయాలి. ఎండుకొబ్బరి చిప్పలను మాత్రం అందులో పెట్టనివ్వరు; నూనె ఎక్కువ ఉండి సులువుగా అంటుకునే వస్తువు అది. పవర్ బ్యాంక్ పచ్చడికి వ్యతిరేకం, తప్పనిసరిగా చేతిసంచిలోనే ఉండాలి. దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కు ఎక్కువగా 15 కిలోల సామాను, 7 కిలోల చేతిసంచి అనుమతిస్తారు. పైన చెప్పిన బట్టలు ఒక బ్యాక్‌ప్యాక్‌లో ఇమిడిపోవాలి. బరువైన బూట్లు తొడుక్కుని, జర్కిన్ చేతి మీద వేసుకుని వెళ్లడమే పద్ధతి.

రైల్లో వెళ్లేవాళ్లు దారి పొడుగునా వాతావరణం మారుతుందని గుర్తుంచుకోవాలి. వరంగల్, బల్లార్షా దాకా కిటికీ తీసి కూర్చున్నా బాగుంటుంది. నాగపూర్ దాటి రాత్రి భోపాల్ వైపు వెళ్లేసరికి స్లీపర్ పెట్టెలో వేళ్లు కొంకర్లు పోతాయి. ఏసీ పెట్టెల్లో దుప్పటి, రగ్గు ఇస్తారు, స్లీపర్‌లో ఏమీ ఇవ్వరు. అందుకని రగ్గు, స్వెటర్, టోపీ, సాక్సులు సంచి అడుగున కాకుండా చేతికందేలా పైన సర్దుకోవాలి. ఝాన్సీ, ఆగ్రా దాటాక పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవడం జనవరిలో మామూలే. ఒక పూటకు సరిపడా తిండి, మందులు అదనంగా ఉంచుకోవాలి. చేరే వేళను స్నేహితుడికి గట్టిగా చెప్పేసి అతన్ని తెల్లవారుజామున స్టేషన్‌లో నిలబెట్టకూడదు. రైలు మథుర దాటాక ఫోన్ చేస్తే చాలు, న్యూఢిల్లీ స్టేషన్ నుంచి మెట్రో ఉంది. మెట్రోలోకి వెళ్లేటప్పుడు ప్రతి సంచినీ స్కానర్‌లో పెట్టాలి, రద్దీలో బ్యాక్‌ప్యాక్‌ను ముందుకు తిప్పి వేసుకోవాలి. చక్రాల పెద్ద పెట్టెతో రాజేందర్ నగర్ ఇరుకు సందుల్లో, మూడో అంతస్తు మెట్లలో పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు.

బయల్దేరే ముందు స్నేహితుడిని రెండు విషయాలు అడగాలి. గది యజమాని రాత్రి అతిథులను ఉండనిస్తాడా, అదనంగా రజాయి (దూది బొంత) ఉందా. రజాయి లేదంటే దగ్గర్లో అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోమనాలి. ఉన్న ఒక్కటీ అతిథికిచ్చి స్నేహితుడు ముడుచుకుని పడుకునే పరిస్థితి రానివ్వకూడదు. సొంత దుప్పటి, తువ్వాలు, బాత్‌రూమ్‌కు రబ్బరు చెప్పులు, ఆధార్ కార్డు, దాని నకలు దగ్గరుండాలి. స్నానాల గది నలుగురూ వాడేదైతే రాత్రిపూట వేసుకునే బట్టలు అందరి ముందూ తిరగడానికి వీలుగా ఉండాలి.

ఇంకొక్క విషయం బట్టలది కాకపోయినా ఇక్కడే చెప్పాలి. చలికి ఆగలేక తలుపులు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్ వల్ల నిద్రలోనే చనిపోయారన్న వార్తలు ఉత్తరాదిలో శీతకాలంలో వినబడుతూనే ఉంటాయి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఎంత చలిగా ఉన్నా, పక్కవాళ్లు అలవాటే అన్నా, కుంపటి వెలిగిన గదిలో నిద్రపోకూడదు. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉన్నా ఇదే ప్రమాదం. నీళ్లు పట్టుకుని, గీజర్ ఆపాకే తలుపు వేసుకోవాలి. రాత్రి నిజంగా ఓర్చుకోలేనంత చలేస్తే థర్మల్స్, స్వెటర్, సాక్సులు, టోపీతోనే రజాయిలోకి దూరడం మంచిది.

తిరుగు ప్రయాణానికి విడిచిన బట్టల కోసం ఒక పెద్ద కవరు ముందే పెట్టుకుంటే ఆరని తడి బట్టలు మిగతావాటికి అంటవు. ఎరువు తెచ్చుకున్న స్వెటర్లను ఇల్లు చేరాక ఉన్ని బట్టల సబ్బునీళ్లలో, చల్లటి నీటితో ఉతికి, పిండకుండా ఒత్తి, నీడన పరిచి ఆరబెట్టి ఇచ్చేయాలి. తాడు మీద వేలాడదీస్తే సాగిపోతాయి. నూలు చొక్కా ఒకటి వాడకుండా మిగుల్చుకుని సంచి పైన ఉంచాలి. బల్లార్షా దాటి మన వైపు దిగేసరికి ఒంటి మీద అదొక్కటే చాలు.