ఫెంటన్ ప్రక్రియతో శుద్ధి చేసిన వ్యర్థజలం - సాగునీటి యోగ్యత

పురుగుమందులు, అద్దకపు రంగులలోని అనేక కర్బన కాలుష్యకాలను సూక్ష్మజీవులు సులభంగా విచ్ఛిన్నం చేయలేవు. అట్టి వ్యర్థజలాల శుద్ధికి ఉపకరించే అధునాతన ఆక్సీకరణ పద్ధతులలో, 1894లో హెచ్.జె.హెచ్. ఫెంటన్ వెల్లడించిన చర్యపై ఆధారపడినది ముఖ్యమైనది. ఇందులో ఫెర్రస్ అయాన్లు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్‌లను ఏర్పరుస్తాయి. వీటి ఆక్సీకరణ పొటెన్షియల్ సుమారు 2.8 వోల్టులు, ఓజోన్‌కు 2.07 వోల్టులు మాత్రమే.

ఈ చర్యకు ఉదజని సూచిక 3 సమీపంలో ఉండుట అనుకూలం. 4 దాటితే ఇనుము హైడ్రాక్సైడ్‌గా అవక్షేపించి చర్య మందగిస్తుంది. కావున నీటిని మొదట సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆమ్లీకరించి, చర్యానంతరం తటస్థీకరించాలి.

సాగునీటి దృష్ట్యా ఈ తటస్థీకరణే కీలకం. ఈ ప్రక్రియ కర్బన పదార్థాలను తగ్గిస్తుందే గాని లవణాలను తొలగించదు. పైగా చేర్చిన రసాయనాల వల్ల విద్యుత్ వాహకత పెరగవచ్చు. కాస్టిక్ సోడా వాడితే సోడియం అధికమై, నల్లరేగడి నేలల్లో నీటి ఇంకుదల తగ్గుతుంది. సున్నం వాడితే కాల్షియం చేరి సోడియం అధిశోషణ నిష్పత్తి తగ్గుతుంది.

రంగు పోయినంత మాత్రాన నీరు నిరపాయకరమని భావించరాదు. అసంపూర్ణ ఆక్సీకరణలో ఏర్పడే మధ్యస్థ పదార్థాలు కొన్ని మూల పదార్థం కంటే విషపూరితం కావచ్చు. అందువల్ల రసాయన ఆక్సిజన్ అవసరం, విద్యుత్ వాహకత, సోడియం అధిశోషణ నిష్పత్తి, మిగిలిన పెరాక్సైడ్‌లతో పాటు విత్తన మొలక పరీక్షనూ నిర్వహించి, ఫలితాలు అనుకూలమైన పిదపనే ఆ నీటిని పొలానికి సిఫారసు చేయాలి.