నెలసరికి బడి మానొద్దు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఎన్నో ఊళ్లు. చాలా ఊళ్లలో చిన్న బడే ఉంటుంది. పెద్ద తరగతులకు పిల్లలు వేరే ఊరికి పోవాలి. పొద్దున బస్సెక్కితే సాయంత్రమే ఇల్లు చేరేది.

ఆడపిల్ల పెద్దమనిషి అవుతుంది. నెలనెలా ముట్టు వస్తుంది. బడిలో గుడ్డ మార్చుకునే జాగ లేకపోతే ఎట్లా? బట్టలకు మరక అంటుతుందని భయం. నలుగురూ నవ్వుతారని సిగ్గు. అందుకే కొందరు పిల్లలు ఆ రోజుల్లో బడికి పోరు.

లెక్క చూద్దాం

నెలకు 3 రోజులు మానితే 10 నెలలకు 30 రోజులు. 6, 7, 8 తరగతులకు ఏడాదికి 220 రోజులు బడి నడవాలి. అందులో 30 పోతే మిగిలేది 190. పాఠాలు వెనకబడతాయి. పరీక్ష తప్పుతుంది. "దీనికి చదువు రాదు" అంటారు. బడి మాన్పించి పత్తి ఏరను పంపుతారు. తొందరపడి పెండ్లి చేస్తారు.

ముట్టు అంటే ఏమిటి?

గర్భసంచిలో నెలనెలా మెత్తటి పొర తయారవుతుంది. బిడ్డ నిలిస్తే అది పరుపులా ఉంటుంది. బిడ్డ నిలవకపోతే ఆ పొర రక్తంతో కలిసి బయటికి వస్తుంది. అదే ముట్టు. ఇది జబ్బు కాదు. చెడు రక్తం కాదు. పాపం కాదు.

తల్లీ బిడ్డల మాట

"అమ్మా, ఇయ్యాల బడికి పోను."

"ఎందుకు బిడ్డా? కడుపు నొస్తుందా?"

"లేదమ్మా. బడిల దొడ్డి తలుపుకు గొళ్లెం లేదు. నీళ్లు రావు."

"గట్లనా! రేపు మా సంఘమోళ్లం పోయి సారును అడుగుతం. నువ్వు మాత్రం బడి మానకు."

ఆ తల్లి అడగడం తప్పు కాదు. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మహిళా సంఘాల ఆడవాళ్లకు అందులో పెద్దరికం ఇచ్చారు. బడిలో నీళ్లు, మరుగుదొడ్లు బాగు చేయించే పని అప్పగించారు.

బిడ్డకు నేర్పండి

మెత్తటి నూలు గుడ్డ వాడాలి. 4 నుంచి 6 గంటలకు ఒకసారి మార్చాలి. సబ్బుతో ఉతకాలి. మూలన దాచి ఆరేయొద్దు. ఎండలో ఆరేయాలి. తడి గుడ్డతో దురద, పుండ్లు వస్తాయి.

ప్యాడ్ వాడితే కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. దొడ్డిలో వేస్తే నీళ్లు పోవు.

రోజూ స్నానం చేయాలి. తోటకూర, మునగాకు, పల్లీలు, బెల్లం తినాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర అన్నం తిన్నాక మింగాలి.

రక్తం 7 రోజులు దాటినా, ఓర్చుకోలేని నొప్పి ఉన్నా, చెడు వాసన వచ్చినా ఏఎన్ఎమ్మును కలవాలి.

మాట్లాడుకోండి

1. మీకు మొదటిసారి ముట్టు వచ్చినప్పుడు ఎవరు చెప్పారు? ఏం చెప్పారు?
2. మీ బిడ్డ బడిలో దొడ్డికి గొళ్లెం ఉందా? నీళ్లు వస్తాయా?
3. నెలకు 2 రోజులు మానితే 10 నెలలకు ఎన్ని రోజులు?
4. మీ సంఘం తరఫున హెడ్మాస్టరుకు ఒక అర్జీ రాయండి.