తంగేడు: గట్లమీది పంట

మెట్టసీమలయందు తంగేటిపొద నెఱుగని రైతు లేడు. బంజరులయందును, బాటల ప్రక్కలను, ఎవ్వరును విత్తకయే మొలచి, నీరు పోయకయే పెరిగి, బంగారువన్నె పూవులతో నిండియుండును. తెలంగాణమున బతుకమ్మను పేర్చుటకు ఈ పూవు ముఖ్యము. 2014లో ఆ రాష్ట్రము దీనిని రాష్ట్రపుష్పముగా గైకొన్నది. అయినను ఊరక దొరకునది యగుటచే దీనిని నరకుటయే కాని పెంచుట మనకు అలవాటు లేదు. ఈ మాసమున మేము దీనిని ఒక పంటగా నెంచి వ్రాయుచున్నాము.

గుర్తు: ఆకుకాడ మొదట చెవులవంటి వెడల్పగు రేకులు రెండుండును. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన సెన్నా ఆరిక్యులేటా అను పేరున రెండవ మాటకు చెవులు గలదని యర్థము. దీనికి చుట్టమగు కసిందకు ఇట్టి చెవులుండవు.

పచ్చిరొట్ట: వరిమడికి తంగేటిరొట్ట మంచి యెరువు. ఎకరమునకు రెండు టన్నుల లేతకొమ్మలను, ఆకును దమ్ములో త్రొక్కించి, రెండు వారములు మురుగనిచ్చి పిమ్మట నాటవలెను. చౌడునేలలకును ఇది మేలు చేయును. కాని నీరు బయటికి పోవు మురుగుకాలువ లేనిచోట రొట్ట యొక్కటియే చౌడును విఱువజాలదు.

ఇచట ఒక సంగతి గమనింపవలెను. జీలుగ, జనుము వేళ్ళయందు బుడిపెలుండి గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును. తంగేటివేళ్ళకు ఆ బుడిపెలు లేవు. అది మడికిచ్చు సారమంతయు గట్టునుండియో బంజరునుండియో తెచ్చినదే. కావున బంజరును ఏటేట గొఱిగి మడికి వేసినచో ఒకచోటి బలము మఱియొకచోటికి మాఱుటయే కాని సంపద పెరుగుట కాదు. వేరుతో పెకలించి వంటచెఱకు చేసినచో ఆ నేల వానకు కోసికొనిపోవును.

బెరడు: దీనియందు టానిన్ అను వగరు పదార్థము నూటికి సుమారు 18 పాళ్లు కలదు. పూర్వము దక్షిణదేశమున తోళ్లు పదును చేయుటకు ఈ బెరడే ఆధారము. నేడు క్రోమియము లవణములతో పదును చేయుట హెచ్చినందున గిరాకి తగ్గినది. కొనువారిని ముందు విచారింపక బెరడు తీయరాదు. తీయునపుడు నిలిచియున్న మొక్కను ఒలువక, కోసిన కొమ్మనుండియే తీసి నీడన నారవేయవలెను. మొదలు చుట్టును ఒలిచిన పొద చచ్చును.

పూవు: దీనిని ఎండించి కషాయము కాచుకొను వాడుక కలదు. మధుమేహమునకు గృహవైద్యమున వాడుదురు గాని, వైద్యుడిచ్చిన మందు మాని దీనిని నమ్ముకొనరాదు.

సాగు: ఎండినకాయలనుండి విత్తులు తీసి, పైతొక్కు గట్టిది గనుక గరుకు ఇసుకతో రుద్ది, ఒక రాత్రి నానవేయవలెను. తొలకరివానకు పొలముగట్లమీద మూడడుగుల కొకచోట రెండు మూడు విత్తులు వేసి, మొలచినపిమ్మట బలమైన మొక్క నొకదానిని నిలుపవలెను. పశువులు సాధారణముగా దీనిని మేయవు, కంచె యక్కఱలేదు. మొదటి యేట కలుపు తీయుటయే పని. రెండవ యేడు నిండువఱకు కత్తి తగులనీయరాదు. పిమ్మట నేలకు అడుగెత్తున మోడు విడిచి కోసినచో మరల చిగిర్చును. ప్రతి వరుసయందును కొన్ని పొదలను కోయక విడిచినచో పండుగపూవునకును, విత్తునకును లోటుండదు.

సంఘము చేయదగినది: గ్రామపు బంజరును పంచాయతీవారి సమ్మతితో మూడు భాగములు చేసి, ఏటికొక భాగమే కోసికొనునట్లు కట్టుబాటు చేసికొనవలెను. కోసిన భాగము తేఱుకొనుటకు రెండేండ్ల వ్యవధి చిక్కును. బెరడు అమ్మదలచినవారు వేఱువేఱుగా మోపులు మోసికొనిపోక ఒకచోట కూర్చి తూచి అమ్మిన బేరము నిలుచును. ఒకడు పాటించి పదిమంది మీఱిన కట్టుబాటు కట్టుబాటు కాదు. కావున రాబోవు తొలకరికి సభ్యులందఱును తమ గట్లమీద ఒక్కొక్క వరుస విత్తి, బంజరుకోతను వంతులకు తెచ్చెదరుగాక యని కోరుచున్నాము.