నేలకూ పరీక్ష కావాలి

పెద్ద పట్టణాలలో ప్రహరీగోడల వెనుక పాడుపడిన స్థలాలు కనిపిస్తుంటాయి. ఒకప్పుడు అక్కడ ఏ రంగుల కార్ఖానాయో, తోళ్ళు పదునుచేసే షెడ్డో, పెట్రోలు బంకో నడిచి ఉంటుంది. అది మూతపడింది. చుట్టుపక్కల ఇండ్లకూ, బడులకూ చోటు చాలకపోయినా ఆ స్థలం జోలికి ఎవరూ పోరు. ఆ మట్టిలో ఏ విషం ఇంకి ఉందో అని భయం.

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే పాత కాలువ ఉండేది. ఒక రసాయన కంపెనీ 1942 మొదలు సుమారు 20,000 టన్నుల వ్యర్థాలను అందులో పూడ్చింది. 1953లో ఆ నేలను ఒక్క డాలరుకు పాఠశాలల బోర్డుకు ఇచ్చివేసింది. అక్కడ బడి కట్టారు. చుట్టూ ఇండ్లు వెలిశాయి. కొన్నేళ్ళకు రసాయనాలు ఇండ్ల నేలమాళిగలలోకి ఊరసాగాయి. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. వందల కుటుంబాలు ఇండ్లు వదిలిపోవలసి వచ్చింది.

దీని తరువాత 1980లో 'సూపర్‌ఫండ్' చట్టం వచ్చింది. కలుషితమైన నేలను శుద్ధి చేసే ఖర్చును బాధ్యులే భరించాలని అది చెప్పింది. చట్టం మంచిదే. కాని దానివల్ల మరొక చిక్కు పుట్టింది. అటువంటి నేలను కొన్నవారిపై కూడా ఆ ఖర్చు పడవచ్చు. అందుచేత కొనేవారు వెనుకాడారు. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. పరీక్షిస్తే విషం బయటపడుతుందేమోనని సొంతదారులు పరీక్షించడమే మానుకొన్నారు. చెడిన నేలతోపాటు ఏ దోషమూ లేని నేల కూడా అనుమానంతో బీడుపడింది. ఇటువంటి స్థలాలను 'బ్రౌన్‌ఫీల్డ్' అంటారు.

ఈ ముడిని విప్పటానికి ప్రభుత్వమే ముందుకు వచ్చింది. 1993లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ క్లీవ్‌లాండ్ నగరం ఉన్న కయహోగా కౌంటీకి తొలి గ్రాంటు ఇచ్చింది. ఆ డబ్బు శుద్ధికి కాదు, పరీక్షకు. మందు ఇచ్చేముందు వైద్యుడు నాడి చూడడం వంటిది ఇది. 2002లో చేసిన చట్టం ఈ పథకానికి స్థిరమైన ఆధారం కల్పించింది. 2021 నాటి చట్టం బ్రౌన్‌ఫీల్డ్ పనులకు 150 కోట్ల డాలర్లు కేటాయించింది.

పరీక్ష రెండు దశలలో సాగుతుంది. మొదటి దశలో మట్టిని తవ్వరు. పాత పటాలు, దస్తావేజులు, అనుమతి పత్రాలు చదువుతారు. స్థలమంతా తిరిగి చూస్తారు. అక్కడ పనిచేసినవారిని అడిగి తెలుసుకొంటారు. అనుమానం మిగిలితే రెండవ దశ. నేలలో రంధ్రాలు వేసి, మట్టినీ భూగర్భజలాన్నీ తీసి ప్రయోగశాలకు పంపుతారు. సీసం, పాదరసం, చమురు వంటివి ఎంతెంత ఉన్నాయో కొలుస్తారు.

ఫలితాన్ని బట్టి దారి తెలుస్తుంది. దోషం లేకపోతే వెంటనే కట్టడం మొదలుపెట్టవచ్చు. కొద్దిగా ఉంటే చెడిన మట్టిని తొలగించవచ్చు, లేదా పైన గట్టి కప్పు వేయవచ్చు. పిల్లలు ఆడుకొనే పార్కుకు కావలసినంత శుద్ధి గోదాముకు అక్కరలేదు. ఏ సంగతీ తెలియనంతవరకు ఏ నిర్ణయమూ చేయలేము. అందుకే తెలుసుకోవడానికి పెట్టే ఖర్చు వృథా కాదు.

మన దేశంలో కూడా 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు వచ్చాయి. అనుమానం ఉన్న చోటును గుర్తించడం, పరీక్షించడం, బాధ్యులచేత శుద్ధి చేయించడం వీటి ఉద్దేశం. నేల మన ఒక్క తరానిది కాదు. దానిపై ఇల్లు కట్టేముందు దాని చరిత్ర తెలుసుకోవడం మన విధి.

అభ్యాసం

పదాలు – అర్థాలు
ప్రహరీగోడ = ఆవరణ చుట్టూ కట్టిన గోడ
బీడు = వాడుకలో లేని నేల
నేలమాళిగ = ఇంటి కింద భూమిలో కట్టిన గది

I. కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. లవ్ కెనాల్‌లో ఏమి జరిగింది?
2. సొంతదారులు నేలను ఎందుకు పరీక్షించలేదు?
3. పరీక్ష ఖర్చును ప్రభుత్వం భరించడం న్యాయమేనా? మీ అభిప్రాయం రాయండి.

II. విడదీసి సంధి పేరు రాయండి.
అత్యవసరం, పర్యావరణం, రసాయనం

III. చేయండి.
మీ ఊరిలో పాడుపడిన స్థలం ఒకటి ఎన్నుకోండి. లోపలికి వెళ్ళవద్దు, మట్టిని ముట్టవద్దు. పూర్వం అక్కడ ఏమి ఉండేదో పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.