పడవకు నీళ్ళు తాగించాలి

వేసవి వచ్చింది. కొల్లేరు కుంచించుకుపోయింది. పడవలు ఒడ్డెక్కాయి. మా ముదినేపల్లి పక్క చేపల చెరువులూ ఎండగట్టారు. చేపలకు మేత వేసే పడవ గట్టు మీద బోర్లా పడి ఉంది. కోళ్ళు దాని మీదెక్కి కూర్చుంటున్నాయి.

రెండు మూడు నెలలు పడవ సంగతి ఎవరికీ పట్టదు. తర్వాత వానలు పడతాయి. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి కొల్లేరులో పోస్తాయి. అప్పుడు అందరికీ పడవ గుర్తుకొస్తుంది.

2024 సెప్టెంబరు సంగతి మీకు తెలుసు. బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరు తర్వాత కొల్లేరుకు చేరింది. లంక ఊళ్ళ దారులు మునిగాయి. మా కేంద్రంలో చదువుకునే ఒక అక్క అప్పటి మాట ఇలా చెప్పింది.

"బిడ్డకు జ్వరం. దారి మీద మొలలోతు నీళ్ళు. మా మరిది పడవ తోశాడు. అది ఎండాకాలం నుంచీ ఒడ్డునే ఉంది. సగం దూరం పోయేసరికి పాదాలు తడిశాయి. ఇంకాసేపటికి చీలమండలు మునిగాయి. బిడ్డను భుజాన వేసుకుని, ఒంటి చేత్తో గిన్నెతో నీళ్ళు తోడాను. వెనక్కి తిప్పుకొచ్చాం. తెల్లారాక వేరేవాళ్ళ పడవలో ఆసుపత్రికి పోయాం."

ఆ పడవకు చిల్లు లేదు. పైన తారు కూడా పూశారు. మరి నీళ్ళు ఎలా వచ్చాయి?

మా కేంద్రానికి ఒక తాత వస్తాడు. చాలా ఏళ్ళు పడవ నడిపిన మనిషి. ఆయన నన్నే ఎదురడిగాడు.

"టీచరమ్మా, ఎండలకు ఎడ్లబండి చక్రం ఏమవుద్ది?"

"ఇనప పట్టా వదులవుతుంది తాతా."

"అప్పుడేం చేస్తారు?"

"చక్రాన్ని చెరువులో పడేస్తారు."

"పడవా అంతేనమ్మా. దానికీ నీళ్ళు తాగించాలి."

ఇప్పుడు బండ్లకు రబ్బరు టైర్లు వచ్చాయి. అందుకే చిన్నవాళ్ళకు ఈ మాట తెలియదు. కర్ర ఎండితే ముడుచుకుంటుంది. పలకకూ పలకకూ మధ్య సందు పడుతుంది. తడిస్తే కర్ర ఉబ్బుతుంది. సందు మూసుకుంటుంది. ఇందుకు ఒక పూట చాలదు. రెండు మూడు రోజులు పడుతుంది.

తాత పని ఎలా చేస్తాడో మేమంతా వెళ్ళి చూశాం.

ముందు పడవను బోర్లించి మట్టి, నాచు గీకాడు. నీడన ఆరబెట్టాడు. తర్వాత మొనతేలిన మేకు ఒకటి తీసుకుని పలకల మీద గుచ్చుతూ పోయాడు. గట్టి కర్రలో మేకు దిగదు. ఒకచోట మెత్తగా దిగింది. "ఇక్కడ పుచ్చింది" అన్నాడు. తడి నేలకు ఆనిన చోట, పాత మేకుల చుట్టూ కర్ర ముందు పుచ్చుతుంది. పుచ్చిన ముక్కను మంచి కర్ర కనబడేదాకా తీసేసి, కొత్త చెక్క వేయించాలి. పుచ్చు మీద తారు పూస్తే పుచ్చు కనబడదు, అంతే. అది లోపల తింటూనే ఉంటుంది. నా మటుకు నాకు, చిల్లు ఉన్న పడవ కంటే ఇదే ఎక్కువ భయం. చిల్లు కంటికి కనబడుతుంది.

తర్వాత సందులు చూశాడు. పాత పీచు లాగేశాడు. దూదిని దీపం వత్తిలా పేనాడు. నూనెలో కాచిన గుగ్గిలంలో ముంచి సందులో పెట్టాడు. ఉలి వెనక్కి తిప్పి మెల్లగా కొట్టాడు. నేను ఇంకా కుక్కమన్నాను. తాత నవ్వాడు. "మరీ బిగిస్తే కర్ర ఉబ్బినప్పుడు మేకులు లేస్తాయమ్మా" అన్నాడు.

ఆరిన కర్రకే తారు పట్టుతుంది. తారు కాచేటప్పుడు మంట అంటుకోవచ్చు. ఇంటి దగ్గర, పాక పక్కన కాచకూడదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

తారు ఆరాక పడవను మోకాటి లోతు నీళ్ళలోకి తోసి గుంజకు కట్టాడు. తెల్లారేసరికి సగం నీళ్ళు! తోడేశాడు. రెండో రోజు తక్కువ వచ్చాయి. మూడో రోజు ఒక చెంబెడు వచ్చాయి. మూడు రోజులైనా ఒకే చోట కారుతుంటే ఆ చోట గుర్తు పెట్టి, పడవను మళ్ళీ ఒడ్డుకు లాగాలి.

ఆ తర్వాత ఇద్దరే ఎక్కి గట్టు వెంబడి తిరిగారు. పడవ అంచు నీటికి జానెడైనా పైన ఉండాలంటాడు తాత.

గెడ పగిలిందేమో చూడాలి. నీళ్ళు తోడే డబ్బా పడవలోనే తాడుతో కట్టాలి. మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు రెండు ఉంచుకోండి. మనిషి నీళ్ళలో పడితే పట్టుకుని తేలవచ్చు.

ఫైబర్ పడవకు నానబెట్టే పని లేదు. పగుళ్ళు చూసుకుంటే చాలు. తాటి దోనెను మాత్రం ఎండలో వదలకండి, నెర్రెలిస్తుంది. దాన్ని నీళ్ళలోనో నీడలోనో ఉంచాలి.

చదివి చెప్పండి

1. అక్క ఎక్కిన పడవలోకి నీళ్ళు ఎందుకు వచ్చాయి?
2. సందులో దూది మరీ బిగించి కుక్కితే ఏమవుతుంది?
3. మీ ఊళ్ళో పడవ ఎన్ని నెలలు ఒడ్డున ఉంటుంది?

రాయండి

మీ పడవలో ఎంతమంది ఎక్కవచ్చో పెద్దవాళ్ళను అడగండి. ఆ అంకెను ముందు పలక మీద రాయండి. తర్వాత రంగు తీసుకుని పడవ లోపలి అంచు మీద, ఎక్కేవాళ్ళకు కనబడేలా పెద్దగా రాయండి. మా తాత "6" అని రాశాడు. మొదటిసారి తిరగేసి రాశాడు. చెరిపి మళ్ళీ రాశాడు.